రెండున్నరేళ్ళ పాపకు ప్లేగ్రూప్‌లో మాండరిన్: తిరుపతిలో మొదలుపెట్టాలనుకునే ఒక తల్లికి

అమ్మా, ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావాళ్ళకు కూడా పనికొస్తుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీవారిది రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగం. వచ్చే ఏడాది చైనాలోని షెంజెన్‌కు పంపిస్తామన్నారు. పాపకు రెండున్నరేళ్ళు. అదే కంపెనీలో ఉన్న ఇంకో నాలుగు కుటుంబాలతో కలిసి మాండరిన్ (చైనా ప్రధాన భాష) ప్లేగ్రూప్, అంటే పిల్లలు కలిసి ఆడుకునే గుంపు, పెడదామనుకుంటున్నారు. మీలో ఒకావిడ చైనాలో ఎంబీబీఎస్ చదివొచ్చారు, ఆవిడకు భాష వచ్చు. మిగతా తల్లులకు ఒక్క ముక్క రాదు. ఫోన్లో ఒక యాప్ వేశారు గానీ పాప బొమ్మలు చూసి వదిలేస్తోంది. మీ అత్తగారేమో తెలుగే ఇంకా పూర్తిగా రాని పిల్లకు ఇదంతా ఎందుకంటున్నారు.

మేము తైవాన్‌లోనూ తర్వాత చైనాలోని గ్వాంగ్జౌలోనూ చాలా ఏళ్ళున్నాం. నా పిల్లలిద్దరూ అక్కడి పిల్లలతోనే ఆడుకుని పెరిగారు. తిరుపతికి వచ్చేశాక ఇలాంటి గుంపులు నడుపుతున్నాను. నా అనుభవంతో చెప్తున్నాను: ప్లేగ్రూప్ తప్పకుండా పెట్టండి, కానీ అందులో పాఠం మాత్రం పెట్టకండి. ఈ వయసు పిల్లలు తమకు నచ్చిన మనిషి నోటి నుంచి, తమ చేతిలో ఉన్న వస్తువు గురించి, తమకు వేసిన ఆకలి గురించి వచ్చే మాటలనే పట్టుకుంటారు. రంగుల పేర్లు, జంతువుల పేర్లు వరసగా అప్పజెప్పిస్తే నాలుగు రోజులు అప్పజెప్పి ఐదో రోజు మర్చిపోతారు.

ముందు మీ అత్తగారి మాట. పెద్దావిడ భయాన్ని కొట్టిపారేయకండి, అందులో సగం నిజముంది. పాప ఆలోచించేది, ఏడ్చేది, అలిగేది తెలుగులో. ఆ తెలుగు ఎంత గట్టిగా ఉంటే రెండో భాష అంత తేలిగ్గా నిలబడుతుంది. ఇంట్లో అవ్వ తెలుగులో కథలు చెప్పడం ఒక్క పూట కూడా ఆగకూడదు. మాండరిన్ వస్తోంది కదా అని తెలుగు మాటలు తగ్గించే ఇళ్ళను చూశాను, అది నాకు చాలా బాధగా ఉంటుంది. ఇక రెండు భాషలు వింటే పిల్ల తికమకపడి మాటలు ఆలస్యమవుతాయన్న భయానికి మాత్రం ఆధారం లేదు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్ళకు ఇది వేరే చెప్పాలా? కుప్పం వైపు పిల్లలు ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, సంతలో కన్నడం వింటూ పెరుగుతారు. చిత్తూరు టౌన్లో దీనికి ఉర్దూ కూడా తోడవుతుంది. వాళ్ళెవరూ మూగవాళ్ళు కాలేదు కదా. మొదట్లో పాప రెండు భాషల మాటల్ని ఒకే వాక్యంలో కలిపేస్తుంది. కలపనివ్వండి. ఏ మాట చేతికందితే ఆ మాట వాడుకుంటోందని అర్థం. పిల్లకు ఎన్ని మాటలొచ్చో లెక్కేసేటప్పుడు రెండు భాషల్లోవీ కలిపి లెక్కేయాలి.

ఒక్క జాగ్రత్త. రెండేళ్ళు నిండిన పిల్ల ఏ భాషలోనూ రెండు మాటలు కలిపి అనకపోతున్నా, పిలిస్తే వెనక్కి తిరగకపోతున్నా, ప్లేగ్రూప్ సంగతి పక్కన పెట్టి ముందు వినికిడి పరీక్ష చేయించండి. మీ పాప ‘అమ్మా నీళ్ళు’, ‘తాత వచ్చె’ అంటోందని రాశారు కాబట్టి మీకు ఆ దిగులు లేదు.

యాప్ సంగతి. 2003లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాట్రీషియా కూల్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లలకు నాలుగు వారాల్లో 12 సార్లు, సారికి 25 నిమిషాలు మాండరిన్ వినిపించారు. కొందరి దగ్గర మనిషి కూర్చుని ఆడుతూ మాట్లాడారు. కొందరికి అదే మనిషి, అవే మాటలు టీవీలో చూపించారు, ఇంకొందరికి శబ్దం మాత్రమే వినిపించారు. మనిషితో ఆడిన పిల్లలు మాండరిన్‌లో దగ్గరదగ్గరగా ఉండే రెండు ధ్వనులను విడదీసి పట్టగలిగారు. టీవీ చూసినవాళ్ళకూ, శబ్దం విన్నవాళ్ళకూ ఆ లాభం రాలేదు. అది పసిపిల్లల చెవికి సంబంధించిన ప్రయోగం, మాట్లాడటం నేర్పినది కాదు. అయినా నా గుంపుల్లో చూసిందానికి అది సరిగ్గా సరిపోతుంది. ఎదురుగా మనిషి ఉండాలి, ఆ మనిషి పిల్ల చూపు ఎటుపోతే అటు చూడాలి.

అయితే తెర మీద కనిపించేదంతా దండగని కాదు. 2014లో వచ్చిన మరో అధ్యయనంలో రెండు, రెండున్నర ఏళ్ళ మధ్య పిల్లలు వీడియో కాల్‌లో అవతలి మనిషి తమకు బదులిస్తూ మాట్లాడినప్పుడు కొత్త మాటలు నేర్చుకున్నారు. ముందే రికార్డు చేసింది చూపిస్తే నేర్చుకోలేదు. అందువల్ల యాప్ తీసేసి, వారానికి రెండు మూడుసార్లు పది పదిహేను నిమిషాలు ఒక చైనా అక్కతో వీడియో కాల్ పెట్టండి. మీవారి కంపెనీకి అటునుంచి ఇంజనీర్లు వస్తూ పోతూ ఉంటారు, వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళెవరైనా సంతోషంగా ఒప్పుకుంటారు. మీ పాప బొమ్మ తెచ్చి చూపిస్తే ఆవిడ ఆ బొమ్మ గురించే మాట్లాడాలి. రెండేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఈ కాల్ కూడా ఆ గంటలోదే.

ఇప్పుడు గంటల లెక్క చూడండి. పాప రోజుకు పన్నెండు గంటలు మేలుకుని ఉంటుందనుకుంటే వారానికి 84 గంటలు. ఆదివారం ఒక్కరోజు రెండు గంటలు కలుసుకుంటే మాండరిన్ వాటా నలభయ్యో వంతు కూడా రాదు. అంతమాత్రంతో చెవికి పరిచయమవుతుంది గానీ నోటికి రాదు. వారానికి మూడుసార్లు గంటన్నర చొప్పున కలవగలరా? ఐదు కుటుంబాలూ ఒకే కాలనీ చుట్టుపక్కల ఉన్నాయంటున్నారు కాబట్టి కుదురుతుంది. కుదరకపోతే రెండుసార్లు. ఒక్కసారి మాత్రం చాలదు. నెలకోసారి మూడు గంటలు గొప్పగా చేయడంకంటే వారంలో మూడుసార్లు మామూలుగా చేయడం మేలు.

మీ డాక్టరమ్మ గురించి. ఆవిడ ఉచ్చారణ చైనావాళ్ళలా ఉండదేమోనని మీరు సందేహపడ్డారు. అక్కడ కొన్నేళ్ళు బతికి, బజారులో బేరమాడి, వార్డులో రోగులతో మాట్లాడిన మనిషి చాలు. వీడియో కాల్ అక్క మిగతా లోటు తీరుస్తుంది. డాక్టరమ్మ పాటించాల్సిన నియమం ఒకటుంది: ఆ గంటన్నరా పిల్లలతో మాండరిన్ తప్ప ఇంకోటి మాట్లాడకూడదు. ఒక మాట మాండరిన్‌లో చెప్పి వెంటనే దాని తెలుగు చెప్పారనుకోండి, పిల్లలు రెండోదాని కోసమే ఆగి మొదటిది వినడం మానేస్తారు. అర్థం చేతులతో, ముఖంతో, వస్తువుతో తెలియాలి. పిల్ల పడి దెబ్బ తగిలితే మాత్రం తల్లి తెలుగులోనే దగ్గరికి తీసుకోవాలి, అక్కడ నియమం లేదు.

ఆవిడ సొంత కొడుకు గొడవ చేస్తాడు, ఇది ముందే తెలుసుకోండి. నిన్నటిదాకా తెలుగులో మాట్లాడిన అమ్మ ఉన్నట్టుండి వేరే భాష ఎత్తుకుంటే ఏ పిల్లాడికైనా కోపం వస్తుంది. దానికి నేను చేతికి తొడుక్కునే బొమ్మ వాడతాను. ఆ బొమ్మకు తెలుగు రాదు, మాండరినే వచ్చు. బొమ్మ చేతికెక్కితే మాండరిన్, దిగితే మళ్ళీ అమ్మ. పిల్లలు ఈ ఒప్పందాన్ని వింతగా తొందరగా ఒప్పుకుంటారు.

ప్రతిసారీ ఒకే వరస ఉండాలి. రాగానే ఒక్కొక్కరినీ పేరుతో పలకరించడం, కాసేపు వాళ్ళిష్టం వచ్చిన ఆట, చేతులు కడుక్కోవడం, తినడం, ఒక బొమ్మల పుస్తకం, వీడ్కోలు. రోజూ కొత్త ఆట పెట్టాలని తల్లులు తాపత్రయపడతారు. పిల్లలకు అదే కథ, అదే గిన్నెలాట, అదే దాగుడుమూతలు పదేపదే కావాలి. తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలిసినప్పుడే, ఇప్పుడు వినిపిస్తున్న మాట దాని గురించేనని పిల్లకు తడుతుంది. దాగుడుమూతల్లో ఒకటి రెండు మూడు లెక్కపెట్టేది మాండరిన్‌లో అయితే చాలు, అంకెల పాఠం వేరే అక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువ భాష పుట్టేది తిండి దగ్గర. నన్నడిగితే గంటన్నరలో అరగంట దానికే ఇచ్చేయండి. పళ్ళెం మధ్యలో ఒక్కటే పెట్టి, అది మీ డాక్టరమ్మ దగ్గర ఉంచండి. ముక్క కావాలంటే పిల్ల ఆవిడ వైపు చూడక తప్పదు. ఆవిడ ముక్క చేతికిస్తూ ‘కెయ్ నీ’ (ఇదుగో నీకు) అంటారు. తిన్నాక ‘హాయ్ యావ్ మా?’ (ఇంకా కావాలా?) అని అడుగుతారు. పిల్ల తలూపితే ‘యావ్’ (కావాలి) అని తనే అనేసి ఇస్తారు. తల అడ్డంగా ఊపితే ‘పూ యావ్’ (వద్దు). పళ్ళెం ఖాళీ అయితే చేతులు తిప్పి చూపిస్తూ ‘మెయ్ యౌ ల’ (అయిపోయింది). ఈ ఐదు మాటలూ ఒక్క పూటలో ఐదుగురు పిల్లల దగ్గర ఎన్నిసార్లు వస్తాయో చూడండి. ఏ పుస్తకమూ అన్నిసార్లు చెప్పలేదు. పిల్లలు అన్నిటికంటే ముందు అనేది ‘పూ యావ్’. వద్దనగలిగే హక్కు వాళ్ళకు అంత ప్రియం. అది మొండితనమని కసరకండి, మొదటి మాట పుట్టిందని సంతోషపడండి.

తినడానికి ఏం పెట్టాలంటే: ఇడ్లీ ముక్కలు, అరటిపండు, సీజన్లో మామిడి. మన జిల్లాలో ఇంటింటా ఉండే వేరుశనక్కాయలు మాత్రం ఈ వయసు పిల్లలకు వద్దు, గొంతులో అడ్డుపడతాయి. ద్రాక్ష పెడితే నిలువునా కోసి పెట్టండి.

ఉచ్చారణ విషయంలో తెలుగువాళ్ళకు ఉన్న ఒక వసతి చాలామందికి తెలియదు. చైనావాళ్ళు తమ మాటలను రోమన్ అక్షరాల్లో రాసుకునే పద్ధతి పిన్యిన్, 1958 నుంచి వాడుకలో ఉంది. దాన్ని మనం ఇంగ్లీషు చదివినట్టు చదవడంతోనే తప్పులు మొదలవుతాయి. అందులో ‘బీ’ అనే అక్షరం మన ప, ‘పీ’ అనే అక్షరం ఊపిరి తోసి పలికే ఫ. అదే తీరులో ‘జీ’ మన క, ‘కే’ మన ఖ. అల్పప్రాణం, మహాప్రాణం తేడా మన వర్ణమాలలోనే ఉంది, ఇంగ్లీషువాళ్ళు దాన్ని చెవితో వెతుక్కోవాలి. పిన్యిన్ ‘ఎక్స్’ దాదాపు మన శంకరుడి శ, ‘ఎస్‌హెచ్’ మన షష్ఠి ష. ‘జెడ్’ మనం చలి, చాప అనేటప్పుడు పలికే దంత్య చకారం, పాత పుస్తకాల్లో ౘ అని రాసేవారే, అది. ‘జే’ మన చిన్నలో చ. అందుకే ‘చేతులు కడుక్కో’ అన్నదాన్ని ‘శీ షౌ’ అనీ, వీడ్కోలును ‘ౘాయ్ చియెన్’ అనీ రాసుకుంటే తల్లుల నోరు చాలావరకు సరిగ్గా తిరుగుతుంది. ఖ, ఫ లాంటి ఒత్తులు పలకడం ఈమధ్య మనమే మానేశాం కాబట్టి కాస్త సాధన కావాలి.

తెలుగు రాతలో పట్టుబడనివి స్వరాలు, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలు. మాండరిన్‌లో నాలుగు స్వరాలున్నాయి: ఎత్తుగా నిలకడగా ఒకటి, పైకి లేచేది ఒకటి, అడుక్కి దిగేది ఒకటి, పైనుంచి ఒక్కసారిగా పడిపోయేది ఒకటి. ఇవి కాక సొంత స్వరం లేకుండా తేలిగ్గా పలికే మాటలు కొన్ని. స్వరం మారితే మాటే మారిపోతుంది. మీ దగ్గర కాగితం మీద రాసుకున్న మాటలను పిల్లలకు నేర్పే ముందు డాక్టరమ్మ చేత పలికించుకుని ఫోన్లో రికార్డు చేసుకోండి. పిల్లల గురించి మీకు బెంగ అక్కర్లేదు. చైనా పసిపిల్లలు సైతం హల్లులు సరిగ్గా తిరగకముందే స్వరాలు పట్టేస్తారు. మన పిల్లలూ గుంపులో వినగా వినగా ఆ ఎత్తుపల్లాలనే ముందు అనుకరిస్తారు. పాటల మీదే ఆధారపడొద్దని చెప్పేది ఇందుకే. పాటలో బాణీ మాట స్వరాన్ని మింగేస్తుంది. పాట సరదాకు ఒకటి పెట్టుకోండి, దాని పక్కనే చప్పట్లు కొడుతూ మామూలు మాటల్లా చెప్పే చిన్న పద్యాలు రెండు పెట్టుకోండి.

ఇంట్లో మీరేం చేయాలి? మాండరిన్ రాని తల్లి రాని భాషలో బిడ్డతో కబుర్లు చెప్పాలని ప్రయత్నించకూడదు. మీకు వచ్చిన నిండైన తెలుగు వదిలేసి అరకొర మాటలు ఎందుకు ఇవ్వాలి? గుంపులో స్థిరపడిన రెండు మూడు సందర్భాలను మాత్రం ఇంటికి తెచ్చుకోండి. చేతులు కడిగేటప్పుడు ‘శీ షౌ’, పండు ఇచ్చేటప్పుడు ‘కెయ్ నీ’. అంతకుమించి వద్దు.

చుట్టాలొచ్చినప్పుడు ‘ఏదీ, అత్తకు చైనీస్‌లో చెప్పు’ అనొద్దు. ఈ ఒక్క విషయంలో నేను కటువుగానే ఉంటాను. పిల్ల మొదటిసారి సిగ్గుపడుతుంది, రెండోసారి ముఖం తిప్పుకుంటుంది, ఆ తర్వాత గుంపుకే రానంటుంది. ఎక్కువమంది పిల్లలు మొదటి కొన్ని నెలలు వినడమే తప్ప నోరు విప్పరు. ఆ మౌనంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే చేతలు చూడండి: ‘లాయ్’ (రా) అంటే వస్తోందా, ‘కెయ్ వో’ (నాకివ్వు) అంటే బొమ్మ ఇస్తోందా, ‘థాంగ్’ (కాలుతుంది) అంటే చెయ్యి వెనక్కి తీసుకుంటోందా. ఇవి జరుగుతుంటే భాష వస్తున్నట్టే.

స్థలం, వేళ గురించి రెండు మాటలు. ఏదో ఒక ఇంట్లో చాప పరిచిన గది చాలు, ఇల్లు మార్చకండి. తల్లులు ఫోన్లు పక్క గదిలో పెట్టి పిల్లలతో నేల మీద కూర్చోవాలి, వెనక కూర్చుని మాట్లాడుకుంటే గుంపు చెదిరిపోతుంది. వేసవిలో మన ఎండలకు ఉదయం ఎనిమిదిలోపు మొదలుపెట్టండి. శనివారాలు యాత్రికుల రద్దీకి తిరుపతి రోడ్ల మీద ఎప్పుడు చేరతామో తెలియదు, ఆ రోజు వదిలేయండి. అప్పుడప్పుడు ఎస్వీ జూ పార్కుకు అందరినీ తీసుకెళ్ళండి. పులి ఎదురుగా ఉన్నప్పుడు విన్న పేరు మర్చిపోరు. జలుబు, జ్వరం ఉన్న పిల్లను ఆ రోజు తీసుకురాకూడదని మొదటే అందరూ ఒప్పుకోండి.

చైనా అక్షరాలు ఇప్పుడొద్దు. చైనాలో సరళం చేసిన లిపి, తైవాన్‌లో పాత లిపి వాడతారు కాబట్టి పుస్తకాలు కొనేటప్పుడు మీరు షెంజెన్ వెళ్తున్నారని గుర్తుపెట్టుకుంటే చాలు. మాటలు లేని బొమ్మల పుస్తకాలైతే ఏ లిపి గొడవా లేదు, మీరు అదే పుస్తకాన్ని ఇంట్లో తెలుగులో చెప్పుకోవచ్చు.

ఇక షెంజెన్. అది ఉన్న గ్వాంగ్‌దాంగ్ రాష్ట్రంలో కాంటనీస్ అనే వేరే చైనా భాష ఎక్కువ, కానీ 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి అయ్యాక చైనా నలుమూలల నుంచీ జనం వచ్చి చేరిన ఊరు కావడంతో పార్కులో, దుకాణంలో మాండరినే వినిపిస్తుంది. కాబట్టి మీ కష్టం వృథా కాదు. అక్కడి బాలవాడి మూడేళ్ళకు మొదలై మూడేళ్ళు సాగుతుంది. కొత్త ఏడాది సెప్టెంబరులో ఆరంభమవుతుంది. పిల్లలు మధ్యాహ్నం అక్కడే తిని, అక్కడే పడుకుంటారు. గోరువెచ్చని నీళ్ళు తాగిస్తారు. చెంచాతో తన తిండి తానే తినాలి. మన ఇళ్ళలో మూడేళ్ళ పిల్లకు కూడా అవ్వ వెనకాలే తిరిగి ముద్దలు పెడుతుంది కదా, అది ముచ్చటైనదే, కానీ రోజుకు ఒక పూటైనా పాపను చెంచాతో తిననివ్వండి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి గుంపులో నాలుగు మాటలు బాగా తిప్పండి: నీళ్ళు తాగడం (‘హ షువెయ్’), పాస్ వస్తోందని చెప్పడం (‘నియావ్ నియావ్’), నొప్పి (‘థంగ్’), వద్దు. కొత్త ఊళ్ళో, తెలియని టీచరు దగ్గర పాప ఏడవకుండా ఉండటానికి రంగుల పేర్లకంటే ఇవి వెయ్యి రెట్లు అక్కరకొస్తాయి.

బదిలీ ఆగిపోతే ఏమిటని కూడా అడిగారు. ఇంత చిన్న వయసులో నేర్చుకున్న భాష వాడకపోతే కొన్ని నెలల్లో నోటి నుంచి పోతుంది, అది సహజం. అప్పుడు గుంపును వారానికి ఒకసారికి తగ్గించి, ఆట కోసమే కొనసాగించండి. వీడియో కాల్ అక్కతో పాపకు చనువు కుదిరి ఉంటే దాన్ని మాత్రం తెంచకండి. వెళ్ళడం ఖాయమైతే, ఇక్కడ ఉండిపోయే నాలుగు కుటుంబాలతో అక్కడి నుంచి వారానికోసారి కాల్ పెట్టుకోండి, కానీ ఆ కాల్ తెలుగులో ఉండాలి. షెంజెన్‌లో పాపకు కొరత పడేది తెలుగు మాట్లాడే తోటి పిల్లలే.